చుక్క, మల్లి ఉన్న ఇంట్లోకి బ్రూనో

మా ఇంట్లో అప్పటికే చుక్క, మల్లి ఉన్నాయి. చుక్క బెజవాడలో మా గుణదల వీధిలో పుట్టిన నల్ల కుక్క, నుదుట తెల్ల మచ్చ. ఒక వానాకాలం పిల్లగా మా మెట్ల కింద దూరి అక్కడే ఉండిపోయింది. మల్లి చారల పిల్లి, ఇంట్లో సగం పెత్తనం దానిదే. వీటి గురించి ముందు చెప్పడానికి కారణం ఉంది. ఆలనాపాలనా లేని కుక్కను తెచ్చుకున్నవాళ్ళు మామూలుగా ఆ కుక్క కథే చెబుతారు. ఇంట్లో ముందు నుంచీ ఉన్నవాటి సంగతి పెద్దగా మాట్లాడరు. కొత్తగా వచ్చేదాని అవస్థ చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. కానీ తేవాలన్న నిర్ణయం మనది, చుక్కదీ మల్లిదీ కాదు. వాటి ఇల్లు వాటికి ఇల్లుగానే ఉండాలి. బ్రూనోని తెచ్చిన రోజు నుంచి మేం పడ్డ పాటంతా దీని కోసమే.

బ్రూనో మా వెనక వీధిలో ఒక డాబా మీద ఉండేవాడు. మగ లాబ్రడార్. లాక్‌డౌన్ రోజుల్లో పిల్లలు ముచ్చటపడితే కొన్నారు. పెరిగాక వెంట్రుకలు రాలుతున్నాయనీ, చెప్పులు కొరుకుతున్నాడనీ డాబా ఎక్కించారు. నీళ్ళ ట్యాంకు పక్కన ఇనప స్తంభానికి కట్టిన గొలుసు, పైన ఒక రేకు, అంతే వాడి లోకం. పొద్దున పూట రేకు నీడ వాడి మీద పడేది. మధ్యాహ్నానికి నీడ పక్కకి జరిగేది, గొలుసు మాత్రం అక్కడిదాకా అందేది కాదు. బెజవాడ మే నెల ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడం ఒక్కటే దానికి ప్రధానంగా ఉన్న దారి. ఆ డాబా మీద వాడి రొప్పు మా వంటింటి కిటికీలోకి వినిపించేది.

ఫిర్యాదు చేద్దామని మా ఆయన అన్నారు. చట్టం లేకపోలేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో 11వ సెక్షన్ ఇలాంటివాటి గురించే చెబుతుంది. మరీ పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడం, పెంచుకున్న జంతువుకి తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం, రెండూ నేరాలే. కానీ మొదటిసారి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకానే. అరవై ఏళ్ళు దాటినా ఆ అంకె మారలేదంటే నాకు చాలా బాధగా ఉంటుంది. ఫిర్యాదు చేస్తే జరిమానా కట్టి, పంతానికి కుక్కను ఇవ్వకుండా ఉంచుకుంటే నష్టపోయేది బ్రూనోనే. అందుకే నేను ఆ ఇంటి పెద్దావిడ దగ్గరకే వెళ్ళాను.

"పిన్నిగారూ, వాణ్ణి మేం చూసుకుంటాం, మాకిచ్చేయండి" అన్నాను.

ఆవిడ గొడవ పెట్టుకోలేదు. "తీసుకెళ్ళమ్మా, పుణ్యముంటుంది. నా మోకాళ్ళతో ఈ మెట్లెక్కలేక చస్తున్నాను. ఒక్కోరోజు కొడుకు మర్చిపోతే అది అలాగే పస్తుంటోంది" అంది. వాళ్ళంతా చెడ్డవాళ్ళేం కాదు. ఆ ఇంట్లో కుక్క ఎవరి పనీ కాకుండా పోయింది. నా దృష్టిలో ఇలాంటి నిర్లక్ష్యం చాలావరకు ఇలాగే మొదలవుతుంది.

తెల్ల కాగితం మీద ఇష్టపూర్వకంగా ఇస్తున్నట్టు రాయించి, ఆ ఇంటాయనతో తేదీ వేయించి సంతకం పెట్టించుకున్నాం. తర్వాత ఎవరి మనసు మారినా మాట తేడా రాకుండా ఈ కాగితం అవసరం. టీకాల పుస్తకం అడిగితే లేదన్నారు. పిల్లప్పుడు ఒకటో రెండో సూదులు వేయించినట్టు గుర్తుందన్నారు. డాక్టర్లు దీన్ని ఏ టీకా వేయని కుక్క కిందే లెక్కేస్తారు.

డాబా మీద నుంచి నేరుగా ఇంటికి తేలేదు. ముందు గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంట్లో ఇంకో కుక్క, పిల్లి ఉన్నప్పుడు వరస ఇదే ఉండాలి. మెట్లు దిగడానికి వాడు భయపడ్డాడు. ఆ డాబా ఎక్కాక మళ్ళీ మెట్టు దిగిన కుక్క కాదు. మా ఆయనా, మా వాడూ దుప్పటిలో ఎత్తి దింపారు.

బెల్టు తీయడానికే అక్కడ చాలాసేపు పట్టింది. పిల్లప్పుడు కట్టిన తోలు బెల్టు, మెడ లావైనా మార్చలేదు. గొంతు కింద బెల్టు చర్మంలోకి దిగిపోయింది. అంచుల మీదుగా కొత్త చర్మం పాకి తోలుని కప్పేసింది. డాక్టరు గారు ముందు చుట్టూ వెంట్రుకలు గొరిగి, మత్తు సూది ఇచ్చి, బెల్టుని ముక్కలు ముక్కలుగా కత్తిరించి ఒక్కో ముక్కా లాగారు. కింద చీము. వాసనకి మా వాడు బయటికి వెళ్ళిపోయాడు. మెడ చుట్టూ వేలెడు వెడల్పున ఎర్రటి గాడి మిగిలింది. ముందు కాళ్ళ మోచేతుల దగ్గర గచ్చు మీద పడుకుని పడుకుని బూడిదరంగు కాయలు కాశాయి. గోళ్ళు వంకీలు తిరిగి పెరిగాయి. చెవుల్లోపల, వేళ్ళ సందుల్లో పిడుదులు గింజలు పేర్చినట్టున్నాయి. బరువు 19 కిలోలు. మగ లాబ్రడార్ ఆరోగ్యంగా ఉంటే 30 కిలోల పైచిలుకు తూగుతుంది.

రక్తపరీక్షలో టిక్ ఫీవర్ అని తేలింది. పిడుదు కుట్టినప్పుడు ఎర్లిఖియా అనే సూక్ష్మజీవి రక్తంలోకి చేరి ప్లేట్‌లెట్లను తగ్గించేస్తుంది. కుక్కకి మామూలుగా రెండు నుంచి ఐదు లక్షల దాకా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు వాడికి అరవై వేలు ఉన్నాయి. చిగుళ్ళ మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు అందుకే. దీనికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడతారు, సాధారణంగా 28 రోజులు. జ్వరం తగ్గి కుక్క తోక ఊపగానే ఆపేస్తే రోగం లోపలే మిగిలిపోతుంది. మాత్ర తిండితోనే ఇవ్వాలి, ఖాళీ కడుపున ఇస్తే వాంతి చేస్తుంది, గొంతులో ఇరుక్కుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. చర్మం గీకి మైక్రోస్కోపు కింద కూడా చూశారు. గజ్జిలో ఒక రకం ఇంట్లో కుక్కలకీ, మనుషులకీ అంటుకుంటుంది. అదృష్టం, అది లేదు.

పిడుదుల మందు దగ్గర ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, పిల్లి ఉన్నవాళ్ళందరికీ ఇది తెలియాలి. మా వీధిలో కుక్కలకి పిడుదులు పడితే పశువులకి వాడే మందు నీళ్ళలో కలిపి పోసేస్తుంటారు. వాటిలో ఉండే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి, కుక్కల మెడ మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో ఉండే పర్మెత్రిన్, ఇవి పిల్లికి విషం. పిల్లి కాలేయానికి వాటిని విరిచేసే శక్తి చాలా తక్కువ. మందు రాసిన కుక్క పక్కన పడుకున్నా, దాని ఒళ్ళు నాకినా పిల్లికి వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. పిడుదులకే వాడే అమిట్రాజ్ అనే మందుని కూడా పిల్లి దగ్గరికి రానివ్వకూడదు. ఇంట్లో పిల్లి ఉందని మేం చెప్పగానే డాక్టరు గారు పైపూత మందులన్నీ పక్కనపెట్టి ఫ్లూరాలనర్ మాత్ర రాశారు. దాదాపు మూడు నెలలు పనిచేస్తుంది. ఖరీదు ఎక్కువే, మల్లి ప్రాణం కంటే ఎక్కువ కాదు. చుక్కకీ అదే రోజు వేశాం. మన ఇళ్ళలో ఉండే గోధుమరంగు పిడుదు కుక్క మీద నుంచి దిగి గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. ఒక్క కుక్కకి మందు వేస్తే లాభం లేదు.

పోర్టికో పక్కన స్టోర్ రూమ్ ఖాళీ చేసి బ్రూనోకి ఇచ్చాం. దానికి బయటి నుంచే తలుపుంది. రెండు వారాలు వేరుగా ఉంచమన్నారు. పార్వో (కుక్కలకి వాంతులు, నెత్తురు విరేచనాలు తెచ్చే అంటువ్యాధి) లాంటి జబ్బు ఒంట్లో ఉంటే ఆ లోపే చాలావరకు బయటపడుతుంది. ఈ లోపల చుక్క టీకాలు, మల్లి టీకాలు గడువులో ఉన్నాయో లేదో పుస్తకాలు తీసి చూసుకుని, దాటిన ఒకటి వేయించాం. మేం కూడా ముందుజాగ్రత్త రేబీస్ టీకాలు వేయించుకున్నాం. బ్రూనోకి జ్వరం తగ్గేదాకా టీకాలు వేయకూడదన్నారు, అంతవరకూ గోరు గీసుకున్నా సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్ళాలని గట్టిగా చెప్పారు.

పనుల వరస కూడా మార్చుకున్నాం. పొద్దున్నే ముందు చుక్క, మల్లి. వాటి తిండి, వాటి షికారు అయ్యాకే బ్రూనో గది. ఆ గదికి వేరే చెప్పులు, వేరే నైటీ. చేతులు కడుక్కోకుండా లోపలికి రావడం లేదు. మా అత్తగారు మడి, ఆచారం పాటించే మనిషి. మొదట్లో ఆవిడ ఏమంటారోనని నాకు టెన్షన్‌గా ఉండేది. "నా మడికన్నా నీ మడి ఎక్కువైందే" అని ఆవిడే నవ్వారు.

ఆకలితో ఉన్న కుక్కకి కడుపునిండా పెట్టాలనిపిస్తుంది. పెట్టకూడదట. చాలాకాలం అర్ధాకలితో ఉన్న శరీరానికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది. రోజుకి నాలుగైదుసార్లు, గుప్పెడంత. మెత్తగా ఉడికిన అన్నం, ఎముకల్లేని కోడిమాంసం, కొంచెం గుమ్మడికాయ. ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి లేకుండా. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి. మన కూరలో ముక్క తీసి పెట్టడం అందుకే మానేయాలి. గిన్నె కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేసేలోపే ఖాళీ అయిపోయేది. నీళ్ళ గిన్నె నింపి ఉన్నా తలెత్తకుండా తాగి, కాసేపటికి కక్కేవాడు. గిన్నె ఎప్పుడూ అక్కడే ఉంటుందని వాడికి నమ్మకం కుదిరాకే ఆగి ఆగి తాగడం మొదలైంది.

నన్ను అన్నిటికన్నా కదిలించింది ఒకటుంది. గదిలో వాడికి గొలుసు లేదు, తాడు లేదు. అయినా ఆ గది మధ్యలో చిన్న గుండ్రంలోనే తిరిగేవాడు. గొలుసు ఎంత పొడవుండేదో అంతే గుండ్రం. అదే దిక్కుకి, అదే వేగంతో. గోడ దాకా వెళ్ళేవాడు కాదు. మూలన పరిచిన బొంత వాడి గుండ్రానికి అవతల ఉండేది, అందుకని గచ్చు మీదే పడుకునేవాడు. బొంతని లాక్కొచ్చి గుండ్రంలో వేశాం. తర్వాత రోజూ ఒక జానెడు చొప్పున గోడవైపు జరిపాం. తిండి గిన్నె కూడా అలాగే. ఇలా జరుపుతుంటే కొన్నాళ్ళకి గుండ్రం చెదిరింది, ఒకనాటి సాయంత్రం మూలన బొంత మీద గోడకి వీపు ఆనించి నిద్రపోయాడు.

మనిషిని నమ్మడం మా అత్తగారితో మొదలైంది. మా వాడు పిలిచేవాడు, బుజ్జగించేవాడు, చెయ్యి చాపేవాడు. బ్రూనో తల దించుకుని వెనక్కి పోయేవాడు. అత్తగారు వాణ్ణి ఏమీ అడగలేదు. సాయంత్రం పూట పోర్టికోలో కుర్చీ వేసుకుని, గది తలుపు తెరిచి ఉంచి, విష్ణు సహస్రనామం చదువుకునేవారు. వాడివైపు చూసేవారు కాదు. వాడు మొదట గడప దాకా, తర్వాత కుర్చీకి బారెడు దూరం దాకా వచ్చి పడుకునేవాడు. ఒకరోజు ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద గడ్డం పెట్టాడు. ఆవిడ చదవడం ఆపలేదు, చెయ్యి వేయలేదు. ఇలాంటి కుక్కకి కావాల్సింది ఇదేనని నా నమ్మకం: పక్కనే ఉండి, వాడి నుంచి ఏమీ కోరని మనిషి.

ఈలోగా చుక్క మారిపోయింది. వాసన దానికి మొదటిరోజే తెలిసిపోయింది. గేటు దగ్గర కూర్చోవడం మానేసి, మా మంచం కింద దూరేది. ముందు కాలు అదేపనిగా నాకి వెంట్రుకలు ఊడగొట్టుకుంది. పెరుగన్నం అంటే ప్రాణమిచ్చేది, సగం వదిలేసేది. డాక్టరు గారు చూసి జబ్బేమీ లేదు, దిగులే అన్నారు. అప్పటి నుంచి సాయంత్రం షికారు చుక్కకి ఒక్కదానికే అని రాసిపెట్టుకున్నాం. ఏలూరు కాలువ గట్టు వెంట, దానికి ఇష్టమొచ్చినంతసేపు, ఇష్టమొచ్చిన చోట వాసన చూసుకుంటూ. ఫోన్ ఇంట్లోనే వదిలేసి వెళ్ళేదాన్ని. బ్రూనో వచ్చాక చుక్కకి దక్కేది ఏదీ తగ్గలేదని దానికి అర్థమయ్యేలా చేయడమే ఆ షికారు పని.

వాటిని కలపడం వాసనతో మొదలుపెట్టాం. బ్రూనో బొంత మీది గుడ్డ తెచ్చి చుక్క తిండి గిన్నెకి కాస్త దూరంలో, చుక్క గుడ్డ బ్రూనో గదిలో. మల్లిని తువ్వాలుతో తుడిచి ఆ తువ్వాలు కూడా. రెండు వారాల గడువు దాటి, జ్వరం పూర్తిగా తగ్గాక కాలువ గట్టు మీద కలిపి నడిపించాం. చుక్క నా దగ్గర, బ్రూనో మా ఆయన దగ్గర, మెడ పుండు మానలేదు కాబట్టి ఛాతీ చుట్టూ హార్నెస్. ముందు రోడ్డుకి ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి. ఎదురెదురుగా తేలేదు, ఒకే దిక్కుకి నడిపించాం. కుక్కలు ముఖాముఖి నిలబడితే బిగుసుకుంటాయి, పక్కపక్కన నడిస్తే ఒళ్ళు సడలుతుంది. దూరం మెల్లమెల్లగా తగ్గించాం. ఇంట్లో మొదటిసారి కలపకుండా బయట కలపడం వల్ల చుక్కకి తన చోటు కాపాడుకోవాలన్న ఆత్రం లేకపోయింది.

ఇంట్లోకి వచ్చాక చుక్క గుర్రుమంది. మంచం దగ్గరికి వాడు వస్తే పళ్ళు చూపించి గుర్రుమంది. చూడవచ్చిన చుట్టాలు "కొట్టవే దాన్ని, లేకపోతే కరుస్తుంది" అన్నారు. మేం కొట్టలేదు, తిట్టలేదు. గుర్రుమనడం కుక్క మాట. "దూరంగా ఉండు" అని మర్యాదగా చెబుతోంది. ఆ మాటని నోట్లోనే నొక్కేస్తే రేపు చెప్పకుండా కరుస్తుంది. బ్రూనో ఆ మాట విని ఆగాడు, మేం వాణ్ణి పిలిచి పక్కకి తీసుకెళ్ళాం. మంచం చుట్టూ చోటు చుక్కదని తీర్మానించి పడగ్గది గుమ్మానికి చిన్న చెక్క గేటు పెట్టించాం.

తిండి దగ్గర మాత్రం బ్రూనో వేరే కుక్క అయిపోయేవాడు. గిన్నె మీదికి ఒంగి, కళ్ళల్లో తెల్లగుడ్డు కనిపించేలా చూస్తూ, ఒళ్ళంతా రాయిలా చేసుకునేవాడు. ఎన్నో పూటలు పస్తున్న ప్రాణం అది. మూసిన తలుపు వెనక తింటాడు, తినేటప్పుడు ఎవరూ వెళ్ళరు. ఎప్పుడైనా దగ్గరికి వెళ్ళాల్సొస్తే గిన్నెలో ఇంకో మాంసం ముక్క వేయడానికే వెళతాం, తీయడానికి కాదు. "తినేటప్పుడు గిన్నె లాగి అలవాటు చేయాలి" అని కొందరు సలహా ఇస్తారు. దయచేసి అలా చేయకండి. వాడి భయం నిజమేనని మనమే రుజువు చేసినట్టవుతుంది.

మల్లి సంగతి వేరు. కుక్కలు రాజీపడతాయి, పిల్లి రాజీపడదు, దానికి తప్పించుకునే దారి కావాలి. హాల్లో ఫ్రిజ్ మీద నుంచి అటక దాకా రెండు చెక్కలు కొట్టించాం. దాని తిండి, నీళ్ళు అటక మీదికి మార్చాం. అది దొడ్డికి వెళ్ళే మట్టి ట్రే బ్రూనో వెళ్ళలేని గదిలో పెట్టాం, ట్రే దగ్గర పిల్లిని బెదరగొడితే అది ఇల్లంతా పాడుచేస్తుంది. బ్రూనో తాడుతో ఉన్నప్పుడే మల్లి కిందికి దిగేది. వాడు దాన్ని చూసి, మళ్ళీ మావైపు చూస్తే చిన్న కోడిమాంసం ముక్క. కళ్ళార్పకుండా, తోక బిగించి చూస్తే అక్కడితో ఆపి గదికి. పరుగెత్తే పిల్లి వెనక పరుగెత్తడం కుక్క నెత్తురులో ఉంది, అందుకే మల్లి పరుగెత్తాల్సిన అవసరం రాకుండా చూశాం. ఒకసారి వాడు ముక్కు పెట్టి వాసన చూడబోతే గట్టిగా ఒక దెబ్బ వేసింది. ముక్కు మీద నెత్తురు చుక్క వచ్చింది. అప్పటి నుంచి వాడు మల్లి వెళుతుంటే దారి ఇస్తాడు.

మందుల కోర్సు పూర్తయ్యాక మళ్ళీ రక్తం చూస్తే ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటాయి. బరువు 27 కిలోలు. మెడ గాడి మూసుకుంది, అక్కడ వెంట్రుకలు మాత్రం రావన్నారు. పరీక్షలు, మందులు, తిండి కలిపి మొదటి నెలలోనే పది వేలు దాటింది. తేవాలనుకునేవాళ్ళు ఈ డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి, లేదంటే ఇంట్లో ఉన్నవాటి మందులకే కోత పడుతుంది.

ఇంకా చాలా ఉన్నాయి. చుక్క, బ్రూనో హాల్లో ఒకే ఫ్యాను కింద పడుకుంటాయి కానీ మధ్యలో మనిషి పట్టేంత జాగా ఉంటుంది, అది వాళ్ళు పెట్టుకున్న దూరం. మేం బయటికి వెళితే ఇప్పటికీ ముగ్గురినీ మూడు గదుల్లో ఉంచే వెళతాం. ఉరుము వినపడితే బ్రూనో పాత గుండ్రంలో తిరుగుతాడు, అత్తగారు వెళ్ళి కూర్చుంటే ఆగుతాడు. దీపావళికి ఏం చేయాలో డాక్టరు గారిని అడిగి పెట్టుకున్నాం, ముందు నుంచే ఇవ్వాల్సిన మందుందట. రేబీస్ టీకా అయింది, మిగతా టీకాల రెండో డోసు ఈ నెలాఖరుకి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే రక్తం ఆగదని వాయిదా వేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఆ తర్వాత. ఆ వారం చుక్కని కాలువ గట్టుకి ఎవరు తీసుకెళ్ళాలో ఇప్పుడే అనుకున్నాం, మా వాడు సెలవు పెడతానన్నాడు.